గద్ద కథ అబద్ధమని తెలిసిన తరువాత పిల్లలకు సృష్టిలోని పాఠాలు ఎలా చెప్పాలి?

ప్రశ్న: సండేస్కూలు టీచరు, తిరువాన్మియూరు

అందరికీ ప్రభువు నామమున వందనములు.

చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో పన్నెండేళ్లుగా ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సండేస్కూలు పాఠం చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. వాళ్లకు తెలుగు వాక్యం నోటికి పట్టాలంటే కళ్లెదుట ఏదైనా ఉండాలని అనిపించి, పోయిన జూన్ నుంచి ఒక పద్ధతి మొదలుపెట్టాను. వారంలో ఒక రోజు పది నిమిషాలు ఆగి ఏదో ఒక ప్రాణినో, చెట్టునో, మబ్బునో చూసి, చూసినది నోటుపుస్తకంలో రాసుకొని, దానికి తగిన వాక్యంతో ఆదివారం రావాలి.

మొదటి వారం పదకొండు మందిలో ఆరుగురు చీమలతో వచ్చారు. ఆరుగురూ సామెతలు 6వ అధ్యాయమే చెప్పారు, ఆరుగురూ సోమరితనం కూడదనే రాశారు. నిజంగా చీమలను చూసినది ఒక్క అమ్మాయే అని నాకు తరువాత అర్థమయింది. చచ్చిన బొద్దింకను ఈడ్చుకుపోతున్న చీమల్లో కొన్ని ముందుకూ, కొన్ని వెనక్కూ లాగుతున్నాయని, అయినా కాసేపటికి బొద్దింక గోడ పగులు దగ్గరకు చేరిందని ఆ పిల్ల రాసింది. దానికి ఏ వాక్యం రాయాలో తెలియలేదని నన్నే అడిగింది. నాకూ తెలియలేదు.

అసలు సమస్య ఇది కాదు. పక్షిరాజు, అంటే గద్ద, కథ మీరందరూ వినే ఉంటారు. నలభై ఏళ్లు నిండేసరికి పక్షిరాజు ముక్కు వంగిపోతుందని, గోళ్లు పెరిగిపోయి ఈకలు బరువెక్కుతాయని, అప్పుడది కొండ శిఖరానికి వెళ్లి ముక్కును బండకేసి కొట్టుకొని ఊడగొట్టుకొంటుందని, కొత్త ముక్కుతో గోళ్లను పెరికివేసుకొని, కొత్త గోళ్లతో ఈకలను పెరికివేసుకొని, ఐదు నెలల తరువాత యౌవనంతో ఎగిరి మరో ముప్పై ఏళ్లు బతుకుతుందని చెబుతారు. కీర్తన 103లోని "పక్షిరాజు యౌవనమువలె" అనే మాటకు ఈ కథను జోడించి నేను ఎనిమిదేళ్లుగా చెబుతూ వచ్చాను. మొన్న ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "ముక్కు లేకుండా ఐదు నెలలు ఏం తింటుంది ఆంటీ?" అని అడిగాడు. ఇంటికి వచ్చి చదివితే అటువంటిది ఏ పక్షీ చేయదని తేలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథ పోయినందుకు కాదు, ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా ఆ ప్రశ్న నాకు ఎందుకు తట్టలేదని.

సృష్టిని చూసి ఆత్మీయ పాఠం నేర్చుకోవడం సరైన పనేనా? సరైనదైతే, ఇలా పప్పులో కాలు వేయకుండా నేర్పడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉద్యానాధికారి, పురసవాక్కం

సహోదరీ, వందనములు. ఆ పిల్లవాడికి నా తరఫున ఒక మంచి పెన్ను కొనివ్వండి.

నేను బాపట్ల వైపు నుంచి ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. గద్ద కథ మీద నాకు మీకంటే ఎక్కువ కోపం, ఎందుకంటే అది నిజమైన అద్భుతాన్ని కప్పివేసింది. పక్షి ముక్కు మన గోళ్ల వంటి పదార్థంతోనే తయారవుతుంది. అది ఒక పక్క పెరుగుతూనే ఉంటుంది, మరో పక్క తినేటప్పుడూ కొమ్మలకు రుద్దుకునేటప్పుడూ అరుగుతూనే ఉంటుంది. ఈకలు ఒక్కసారిగా ఊడవు. ఒకటో రెండో రాలి, వాటి స్థానంలో కొత్తవి వచ్చాక తరువాతివి రాలతాయి. పెద్ద గద్దల్లో రెక్కలోని ఈకలన్నీ మారడానికి ఒక సంవత్సరం చాలదు. ఇదంతా జరుగుతుండగానే అది ఎగురుతుంది, వేటాడుతుంది, పిల్లలను సాకుతుంది.

ఎప్పుడైనా కాశిమేడు చేపల రేవుకు పిల్లలను తీసుకెళ్లి తల పైకెత్తి చూడమనండి. చేపల బుట్టల మీద తిరిగే గద్దల్లో కొన్నిటికి రెక్క అంచున పన్ను ఊడినట్టు సందు కనబడుతుంది. కాస్త ఓపికగా చూస్తే, ఎడమ రెక్కలో సందు ఉన్న చోటనే కుడి రెక్కలోనూ చాలా వరకు సందు ఉంటుంది. తూకం చెడకుండా జత జతగా రాలుతాయన్నమాట. నేను దీన్ని మొదట గమనించినప్పుడు నాకు తట్టినది 103వ కీర్తన కూడా కాదు, కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో ఆంతర్యపురుషుడు "దినదినము నూతన పరచబడుచున్నాడు" అన్న మాట. కొండెక్కి ఐదు నెలలు కూర్చోవడానికి సెలవు దొరికేది ఎవరికి? ఇంటి పని, ఆఫీసు పని, ముసలి తల్లిదండ్రుల పని చేసుకుంటూనే రోజుకొక ఈక చొప్పున కొత్తవాళ్లం కావడం మనకు తెలిసిన బతుకు. ఇంకో మాట. ఆ కీర్తనలోని హీబ్రూ పదానికి రాబందు అనే అర్థం కూడా ఉంది. మీకా గ్రంథంలో అదే పదం బోడితలకు పోలికగా వస్తుంది. కాబట్టి మనం గోడ మీద తగిలించుకునే పటంలోని దర్జా అయిన పక్షి, దావీదు చూసిన పక్షి ఒకటే కాకపోవచ్చు.

అయితే నేను కూడా ఇటువంటి తప్పు ఒకటి చేశాను, అది చెప్పకపోతే న్యాయం కాదు. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చినప్పుడు గంటకు 100 కిలోమీటర్లకు పైబడిన గాలికి ఈ నగరంలో వేల చెట్లు కూలిపోయాయి. మా వీధిలో మూడు తురాయి చెట్లు పడ్డాయి, వాటి మధ్యనున్న వేపచెట్టు నిలిచింది. ఆ ఆదివారం నన్ను రెండు మాటలు చెప్పమంటే, లోతైన వేళ్లున్న చెట్టు నిలిచింది, పైపైన బతికేవి పడిపోయాయి, మనమూ లోతుగా వేరుపారాలి అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. నేను చదివిన చదువు మాత్రం అనలేదు.

సోమవారం నాడు కార్పొరేషను వారు మొద్దులు కోస్తుంటే దగ్గరకు వెళ్లి చూశాను. పడిన చెట్టు వేళ్లు ఒక పక్క ఫుట్‌పాత్ సిమెంటు పలకను అలాగే అతుక్కొని పైకి లేపాయి. రెండో పక్క వేళ్లు అసలు లేవు. కేబుల్ కోసం తవ్విన కాలువ పొడవునా అవి కత్తిరించినట్టు సమంగా తెగి ఉన్నాయి, తెగిన చోట పాత గాయం నల్లబడి ఉంది. మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా సిమెంటు పోసి ఉంది. చెట్టుకు నిలకడనిచ్చేది మనం అనుకునేంత లోతు కాదు. చాలా చెట్లకు వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడ పడే మేరను దాటి పక్కలకు పాకుతాయి. జాతిని బట్టి తేడాలు ఉన్నమాట నిజమే, తురాయి పెళుసు చెట్టే. కాని ఆ చెట్టు పడిపోవడంలో దాని భక్తిహీనత కంటే మా వీధివాళ్ల పాపమే ఎక్కువగా కనబడింది.

ఇంటికి వచ్చి యిర్మీయా 17వ అధ్యాయం తీస్తే, "అది కాలువల ఓరను దాని వేళ్లు తన్నును" అని ఉంది. తన్నడం అంటే పక్కలకు చాచడం. లోతు మాట అక్కడ లేనే లేదు! నలభై ఏళ్లుగా ఆ వచనం చదువుతున్నాను, లేని మాటను నేనే కలుపుకొని చదివాను. విశ్వాసి వేళ్లు పక్కవాళ్ల మట్టిలోకి కూడా పాకాలని, సంఘంలో ఒకడు కూలిపోతే అతని చుట్టూ సిమెంటు పోసినది ఎవరని ముందుగా అడగాలని ఇప్పుడు నాకు తోస్తుంది. ఈ పాఠం మొదటిదానంత సులువుగా ఆమెన్ అనిపించదు.

జవాబు: సంఘ కాపరి, పెరంబూరు

ఇద్దరికీ వందనములు. పెద్దవారు చెప్పినది ఆసక్తికరంగా ఉంది గాని, నాకు ఒక అభ్యంతరం ఉంది, దానిని దాచుకోకుండా చెబుతాను.

సృష్టి అడిగినవాడికి అడిగినట్టు జవాబు చెబుతుంది. కోయిల సంగతి చూడండి. అది కాకి గూటిలో గుడ్డు పెట్టి పోతుంది, కాకి దానిని పొదిగి పెంచుతుంది. ఒక ప్రసంగీకుడు దీనిలో దత్తపుత్రాత్మను చూపిస్తాడు, తనది కాని పిల్లను తన పిల్లగా స్వీకరించిన కృప అంటాడు. మరొకడు అదే గూటిలో అబద్ధ బోధకుణ్ణి చూపిస్తాడు, మందలో రహస్యంగా జొరబడినవాడు అంటాడు. ఇద్దరూ మంచి వక్తలే అయితే ఇద్దరినీ సభ నమ్ముతుంది. మరి కోయిల ఏం బోధించినట్టు? ఏమీ బోధించలేదు. వాళ్లిద్దరూ తమకు ముందే తెలిసినదాన్ని కోయిల నోట పలికించారు.

రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో సృష్టి వలన తేటపడేవి ఆయన "నిత్యశక్తియు దేవత్వమును" అని స్పష్టంగా ఉంది. సిలువను గురించి, పాపక్షమాపణను గురించి ఏ చెట్టూ చెప్పదు. అందుచేత వాక్యం ముందు, ఉదాహరణ తరువాత. ఉదాహరణ లేకపోయినా నష్టం లేదు. పిల్లలకు వాక్యమే కంఠస్థం చేయించండి అని నా సలహా.

ఇంత చెప్పినా, పెద్దవారు తన తప్పును తానే ఒప్పుకొన్న తీరు నాకు నచ్చింది. యోబు తన స్నేహితులను, దేవుని పక్షాన మీరు అబద్ధమాడతారా అని నిలదీస్తాడు. గద్ద కథ చెప్పే మనందరినీ ఆ ప్రశ్న అడగవచ్చు.

జవాబు: తాబేళ్ల నడకకు వెళ్లే యువకుడు, బెసెంట్‌నగర్

అయ్యగారూ, మీరు చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. సృష్టి దానంతట అది సువార్త చెప్పదు. కాని ప్రభువు కొండమీద "ఆకాశపక్షులను చూడుడి" అన్నాడు, "అడవిపువ్వులు ఏలాగు ఎదుగుచున్నవో ఆలోచించుడి" అన్నాడు. ఆ ఆలోచించుడి అన్న చోట గ్రీకు మూలంలో ఉన్న క్రియకు బాగా పరిశీలించి నేర్చుకోవడం అని అర్థమని మా బైబిలు స్టడీలో విన్నాను. పువ్వు ఉదాహరణ మాత్రమే అయితే, దాన్ని పరిశీలించమని ఆజ్ఞ ఎందుకు?

నా అనుభవం ఒకటి చెబుతాను. ప్రతి ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మా తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇక్కడి విద్యార్థులు 1988 నుంచి రాత్రిపూట ఇసుకలో నడిచి, ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలోకి వదులుతున్నారు. నేను నాలుగేళ్లుగా వాళ్లతో నడుస్తున్నాను. ఒక్కో గూటిలో నూరుకు అటూ ఇటూగా గుడ్లు ఉంటాయి. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటపడతాయి. అరచేతిలో పట్టేంత పిల్ల, వీపు మీద ఇసుక రేణువులతో, ముందు కాళ్లను తెడ్లలాగా కొట్టుకుంటూ వెలుతురు ఉన్న దిక్కుకు పరుగు తీస్తుంది. పూర్వం రాత్రివేళ తీరంలో వెలుతురు ఉండేది సముద్రం వైపే. ఇప్పుడు రోడ్డు వైపు. వదిలేస్తే అది నేరుగా వీధిదీపాల వైపు, టీకొట్ల వైపు నడుస్తుంది.

మొదటి ఏడు నేను ఇంటికి వచ్చి డైరీలో రాసుకున్నది ఏమిటంటే, సాతాను వెలుగుదూత వేషం వేస్తాడు, లోకపు వెలుగులకు మోసపోయే ఆత్మ ఇలాగే దారి తప్పుతుంది అని. యూత్ మీటింగులో సాక్ష్యంగా కూడా చెప్పాను. రెండో ఏడు ఒక రాత్రి, దారి తప్పిన పిల్లను చేతిలోకి తీసుకున్నప్పుడు అది నా వేళ్ల మధ్య కూడా అదే పనిగా దీపం వైపే తెడ్లు వేస్తూనే ఉంది. అప్పుడు నాకు సిగ్గు వేసింది. ఈ పిల్ల ఏ తప్పూ చేయలేదు. దేవుడు దానిలో పెట్టిన గుణానికి అది అక్షరాలా లోబడుతోంది. దీపం పెట్టినది మేము. "ఈ చిన్నవారిలో" ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టాలన్న మాట మత్తయి 18వ అధ్యాయంలో ఉంది గదా, నాకు ఆ మాట తగిలింది. దారి తప్పిన ఆత్మకు గుర్తుగా నేను చూపించిన తాబేలు, నేనెవరి దారికి అడ్డం దీపం పెట్టానో అడుగుతున్నట్టు అనిపించింది. అడిగినవాడికి అడిగినట్టు జవాబు చెబుతుందంటే, నేను అడగని ఈ జవాబు ఎక్కడి నుంచి వచ్చింది అయ్యగారూ?

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీనికి నా దగ్గర ఏ పాఠమూ లేదు. 2025 జనవరిలో చచ్చిన తాబేళ్లు వందల సంఖ్యలో ఈ తీరానికి కొట్టుకువచ్చాయి. అవి గాలి పీల్చడానికి పైకి రావలసిన ప్రాణులు, ట్రాలర్ వలల్లో చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతాయి. ఉబ్బిపోయిన తల్లి తాబేళ్లను, కళ్లు కాకులు పొడుచుకుపోయినవాటిని, టేపు పట్టుకొని కొలిచి లెక్క రాశాము. ఆ నెలలో ఒక పెద్దాయన వచ్చి, "ఇందులో దేవుడు నీకేం చెబుతున్నాడు బాబూ?" అని అడిగాడు. సృష్టి అంతా మూలుగుతోందని రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో ఉందని మాత్రం చెప్పాను. మూలుగులో అర్థం వెతకడం కంటే దాన్ని వినడమే ఆ రోజు నేను చేయగలిగింది.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, అణ్ణానగర్

నాది చిన్న మాట. మా చిన్నవాడు స్కూల్లో అలసందలు దూదిలో మొలకెత్తించి, "విత్తనం చావదు, బతికి ఉంటేనే మొలుస్తుంది, మరి గోధుమగింజ చస్తేనే ఫలిస్తుందని యేసయ్య ఎందుకన్నాడు?" అని అడిగాడు. నేను తడబడ్డాను. పెద్దవాడు గాజు గ్లాసును కిటికీ దగ్గరకు తెచ్చి చూపించాడు. అలసంద తోలు చీలి, రెండు పప్పుబద్దలు మొక్కతోపాటు పైకి లేచాయి. మొక్క పెరిగేకొద్దీ ఆ బద్దలు ముడుచుకొని, పసుపురంగుకు తిరిగి, తొమ్మిదో రోజో పదో రోజో వాటంతట అవే రాలి గ్లాసు పక్కన పడ్డాయి. తనలో దాచుకున్నదంతా మొక్కకు ఇచ్చేసి గింజ గింజగా మిగలలేదు. మావాడు ఆ ఎండిన బద్దను తన బైబిల్లో యోహాను 12వ అధ్యాయం దగ్గర పెట్టుకున్నాడు. ఆ పేజీకి ఇప్పుడు మరక కూడా పడింది.

ప్రశ్న అడిగిన టీచరు

అందరికీ కృతజ్ఞతలు. అయ్యగారి హెచ్చరికను తీసివేయలేను, కాబట్టి నోటుపుస్తకంలో ఒక మార్పు చేశాను. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క చూసినది, కుడి పక్క తోచినది రాయమన్నాను. ఎడమ పక్క పది వాక్యాలు నిండితే తప్ప కుడి పక్కకు పోకూడదు. వాక్యం రాయడం తప్పనిసరి కాదన్నాను. గద్ద కథ గురించి పిల్లల ముందు నిలబడి, అది తప్పు, నేను విచారించకుండా చెప్పాను అని ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం, "మా నాన్నగారి ఫోనులో ఇంకా వస్తూనే ఉంది ఆంటీ" అంది.

కోయిల మాట వచ్చింది గనుక ఇది కూడా చెబుతాను. మా ఫ్లాటు ఎదురుగా ఉన్న వేపచెట్టు మీద ఏప్రిల్‌లో కాకి గూడు కట్టింది. పుల్లల మధ్య తుప్పు పట్టిన తీగముక్కలు, కొబ్బరి పీచు, ఎవరిదో తెగిన హ్యాంగరు. ఎదురింటి మామిగారు రోజూ తాను తినకముందే గోడ మీద అన్నం ముద్ద పెట్టి కాకిని పిలుస్తారు. ఆ ముద్ద కాకి గొంతులో పడి, గూటిలోని తన పిల్లకూ, తెల్ల చుక్కలున్న కోయిల పిల్లకూ చేరడం మా వంటింటి కిటికీలో నుంచి కనబడేది. కోయిల పిల్ల గూడు వదిలాక కూడా కేబుల్ తీగ మీద కూర్చొని నోరు తెరిచేది, కాకి వచ్చి పెట్టేది. లేవీయకాండంలో కాకి అపవిత్రమైన పక్షుల పట్టీలో ఉంది. లూకా సువార్తలో ప్రభువు "కాకుల సంగతి విచారించి చూడుడి" అన్నాడు. పావురాన్నో పిచ్చుకనో చూపించకుండా కాకినే ఎందుకు చూపించాడని నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఆలోచించలేదు.

ముక్కు గురించి అడిగిన అబ్బాయి మూడు వారాలు మా ఇంటికి వచ్చి ఆ గూటిని చూసి రాశాడు. చివరి పేజీలో ఎడమ పక్క పద్నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఆఖరిది, "ఈ రోజు కేబుల్ మీద ఎవరూ లేరు, కాకి వచ్చి కాసేపు చూసి వెళ్లిపోయింది" అని. కుడి పక్క ఖాళీగా ఉంది. సంతకం పెట్టి తిరిగి ఇచ్చాను.